పనిమనిషి పేరు జోరా

1950 మార్చి. అమెరికాలోని మయామీ నగరంలో ఓ సంపన్నుల ఇల్లు. ఇంటావిడ తీరిగ్గా కూర్చుని 'సాటర్డే ఈవినింగ్ పోస్ట్' పత్రిక తిరగేస్తోంది. దేశమంతా లక్షల ఇళ్లకు వెళ్లే పత్రిక అది. అందులో ఓ కథ దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది. రాసినవారి పేరు జోరా నీల్ హర్‌స్టన్. అదే పేరున్న నల్లజాతి స్త్రీ ఆ సమయంలో అదే ఇంట్లో దుమ్ము దులుపుతోంది!

విషయం విలేకరుల దాకా వెళ్లింది. 'మయామీ హెరాల్డ్' వార్త రాసింది. అప్పటికి ఆ పనిమనిషి ఏడు పుస్తకాలు అచ్చయిన రచయిత్రి. పరిశోధకులకూ కళాకారులకూ ఇచ్చే ప్రతిష్ఠాత్మక గుగెన్‌హైమ్ ఫెలోషిప్‌ను రెండుసార్లు అందుకున్న మనిషి. ఇదేమిటని అడిగితే జోరా తడుముకోలేదు. రాసి రాసి అలసిపోయినప్పుడు చేతులకు వేరే పని పెట్టాలని, ఇళ్లలో పనిచేసేవారి కోసం ఓ పత్రిక పెట్టే ఆలోచన కూడా ఉందని చెప్పింది. అసలు సంగతి వేరు. ఆమె దగ్గర డబ్బుల్లేవు. జీవితం మొత్తంలో ఏ ఒక్క పుస్తకం మీదా ఆమెకు అందిన రాయల్టీ 943 డాలర్ల 75 సెంట్లు దాటలేదు.

మరో పదేళ్లకు, 1960 జనవరి 28న, ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్‌లో దిక్కులేనివారికి ఆశ్రయమిచ్చే ప్రభుత్వ గృహంలో ఆమె కన్నుమూసింది. ఊరివాళ్లు చందాలు వేసుకుని అంత్యక్రియలు జరిపించారు. సమాధి మీద పేరు చెక్కించడానికి మాత్రం డబ్బులు చాల్లేదు. అప్పటికి ఆమె పుస్తకాల్లో ఒక్కటీ బజారులో దొరకడం లేదు.

ఇవాళ అమెరికాలో సాహిత్యం చదివే విద్యార్థుల్లో ఆమె పేరు తెలియనివాళ్లు అరుదు. మధ్యలో ఏం జరిగిందో తెలుసుకుంటే నల్లజాతి స్త్రీల సాహిత్యం కథ సగం తెలిసినట్టే.

వసారాలో బడి

జోరా 1891 జనవరి 7న అలబామా రాష్ట్రంలోని నొటసల్గాలో పుట్టింది. పసితనంలోనే కుటుంబం ఫ్లోరిడాలోని ఈటన్‌విల్‌కు వచ్చేసింది. 1887లో నల్లవాళ్లే ఏర్పాటుచేసుకుని, నల్లవాళ్లే పాలించుకున్న పట్టణమది. దక్షిణాది రాష్ట్రాల్లో బడి, రైలు పెట్టె, మంచినీళ్ల కుళాయి... అన్నీ తెల్లవారికి వేరు, నల్లవారికి వేరుగా ఉన్న రోజులవి. ఈటన్‌విల్‌లో మాత్రం మేయరూ నల్లవాడే, దుకాణదారూ నల్లవాడే. జోరా తండ్రి జాన్ హర్‌స్టన్ వడ్రంగి, చర్చిలో బోధకుడు. కొన్నాళ్లు మేయరుగా కూడా చేశాడు.

ఊరి మధ్యలో ఓ దుకాణం ఉండేది. సాయంత్రమయ్యేసరికి మగవాళ్లంతా దాని వసారాలో చేరేవారు. దేవుడు, దెయ్యం, మొసలి, కుందేలు... ఎవరి మీదైనా కథే. ఒకరు చెప్పిన అబద్ధాన్ని మించిన అబద్ధం ఇంకొకరు చెప్పాలి. ఉప్పుకో పప్పుకో పంపితే జోరా ఆ వసారా దగ్గరే తచ్చాడేది. ఆమె మొదటి బడి అదే. అందుకే తర్వాత ఆమె రాసిన నల్లవాళ్లు పొద్దస్తమానం తెల్లవాళ్ల గురించి ఆలోచించరు. నవ్వుకుంటారు, తిట్టుకుంటారు, ప్రేమించుకుంటారు, మోసం చేసుకుంటారు.

1904లో తల్లి పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఇల్లు చెదిరింది, చదువు ఆగింది. పదమూడేళ్ల పిల్ల చుట్టాల ఇళ్లు పట్టుకు తిరిగింది. ఇళ్లలో పాచిపని చేసింది. ఊరూరా తిరిగే నాటక బృందంలో ఓ గాయనికి సహాయకురాలిగా కుదిరింది. చదువుకోవాలన్న కోరిక మాత్రం చావలేదు. 1917లో బాల్టిమోర్ చేరేనాటికి ఆమెకు ఇరవయ్యారేళ్లు. అక్కడ ఉచితంగా హైస్కూలు చదువు చెప్పేది చిన్న వయసువారికే. జోరా తన వయసు పదహారని చెప్పింది. చూసినవాళ్లు నమ్మారు. అలా చెరిపేసుకున్న పదేళ్లను ఆమె మళ్లీ ఎన్నడూ కలుపుకోలేదు.

కథల వేటలో

హోవార్డ్ విశ్వవిద్యాలయంలో కొన్నాళ్లు చదివి, 1925లో న్యూయార్క్ వచ్చింది. చేతిలో ఒకటిన్నర డాలరు ఉందని తానే రాసుకుంది. అప్పుడు హార్లెం వెలిగిపోతోంది. దక్షిణాది పొలాల నుంచీ, అక్కడి మూకహత్యల నుంచీ పారిపోయి వచ్చిన లక్షలాది నల్లవాళ్లు ఉత్తరాది నగరాలను నింపుతున్నారు. కవులు, గాయకులు, సంపాదకులు అంతా హార్లెంలోనే. చరిత్రకారులు 'హార్లెం పునరుజ్జీవనం' అని పిలిచే కాలమది. జోరా నోరు విప్పితే గది గదంతా నవ్వులే. కొద్ది నెలల్లోనే కథల పోటీలో బహుమతులు, బార్నార్డ్ కాలేజీలో సీటు వచ్చాయి. ఆ కాలేజీలో అప్పుడు ఆమె ఒక్కతే నల్లజాతి విద్యార్థిని.

అక్కడ ప్రఖ్యాత మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయజ్ కంట్లో పడింది. తెల్లవారి బుర్రలే గొప్పవన్న వాదాన్ని లెక్కలతో తిప్పికొట్టడానికి ఆయన ఓ కొలత పరికరం ఇచ్చి ఆమెను హార్లెం వీధుల్లోకి పంపాడు. ముక్కూమొహం తెలియనివాళ్లను ఆపి, తల కొలుస్తానని అడగాలి. జోరా అడిగితే కాదన్నవాళ్లు లేరట!

1927లో జానపద కథల సేకరణకు దక్షిణాదికి బయల్దేరింది. మొదటి ప్రయాణం దెబ్బతింది. కాలేజీ ఇంగ్లీషులో 'మీ దగ్గర జానపద కథలేమైనా ఉన్నాయా?' అని అడిగితే ఊళ్లవాళ్లు తలలూపి ఊరుకున్నారు. ఆ తర్వాత పాఠం నేర్చుకుంది. వాళ్ల భాషలో మాట్లాడింది, వాళ్లతో పాడింది, ఆడింది. కలప అడితీల దగ్గరి కూలీల శిబిరాల్లో ఉంది. వెంట ఓ పాత కారు, ఓ పిస్తోలు. ఆడది ఒంటరిగా తిరిగే దారులు కావవి.

డబ్బు ఎక్కడిది? షార్లట్ మేసన్ అనే తెల్లజాతి ధనవంతురాలు నెలకు 200 డాలర్లు ఇచ్చేది. దానికో షరతు. జోరా సేకరించిన ప్రతి కథా, ప్రతి పాటా మేసన్ సొత్తు. ఆమె అనుమతి లేకుండా ఎక్కడా అచ్చువేయకూడదు. తన ఊరి వసారాలో విన్న కథను రాసుకోవడానికి కూడా ఇంకొకరిని అడగాల్సి వచ్చింది.

ఆ ప్రయాణాల్లోనే అలబామాలోని మొబీల్ దగ్గర కుడ్జో లూయిస్ అనే వృద్ధుణ్ని కలిసింది. 'ఏడు తరాలు' చదివిన తెలుగువారికి గాంబియా నుంచి ఎత్తుకొచ్చిన కుంటా కింటే గుర్తుండే ఉంటాడు. అతని కథను ఏడో తరంవాడు వెతికి రాశాడు. కుడ్జో అలా కాదు. బానిసల దిగుమతిని అమెరికా 1808లోనే నిషేధించినా, 1860లో దొంగచాటుగా వచ్చిన 'క్లోటిల్డా' ఓడలో అతణ్ని తెచ్చారు. తన కథను తన నోటితోనే చెప్పాడు. సొంత ఊళ్లో అతని పేరు కొస్సోలా. జోరా పీచుపళ్లు పట్టుకుని పదేపదే వెళ్లింది. అతను మాట్లాడాలనుకున్న రోజు విన్నది, ఊరుకున్న రోజు పక్కన కూర్చుంది.

1931 నాటికి 'బారాకూన్' పేరుతో పుస్తకం సిద్ధమైంది. కుడ్జో యాసను తీసేసి మంచి ఇంగ్లీషులో రాస్తే చూద్దామన్నారు ప్రచురణకర్తలు. జోరా ఒప్పుకోలేదు. ముసలాయన మాటను మారిస్తే అది అతని కథ కాదన్నది ఆమె పట్టు. ఆ పుస్తకం అచ్చయింది 2018లో... 87 ఏళ్ల తర్వాత! ఆ మరుసటి ఏడాదే మొబీల్ నది బురదలో దొరికిన ఓడ శిథిలాలు క్లోటిల్డావేనని నిపుణులు తేల్చారు.

జేనీ మూడు పెళ్లిళ్లు

జోరా పేరు నిలబెట్టిన నవల 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్'. 1936లో హైతీ దేశంలో పరిశోధనకు వెళ్లి, ఏడు వారాల్లో రాసేసింది. 1937లో అచ్చయింది. కథానాయిక జేనీని పెంచింది అమ్మమ్మ. ఆవిడ బానిసగా పుట్టిన మనిషి. మనవరాలు తనలా నలిగిపోకూడదని అరవై ఎకరాలున్న నడివయసు రైతుకిచ్చి కట్టబెడుతుంది. పొలముంది, ఇల్లుంది, ఇంకేం కావాలన్నది ఆవిడ లెక్క. జేనీకి ఆ ఇంట్లో ఊపిరాడదు. జో అనే మాటకారితో వెళ్లిపోతుంది. అతను ఈటన్‌విల్‌కు మేయరవుతాడు, దుకాణం పెడతాడు. మేయరు భార్య కదా, జేనీ వసారాలో కథలు చెప్పకూడదు, నలుగురితో నవ్వకూడదు, జుట్టు కూడా గుడ్డలో కట్టేసుకోవాలి. ఇరవై ఏళ్లు అలా గడుస్తాయి. జో పోయాక తనకంటే చిన్నవాడైన టీకేక్ ఆమె జీవితంలోకి వస్తాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు. కానీ ఆమెకు చదరంగం లాంటి ఆట నేర్పుతాడు, పొలం పనికి పక్కన నిలబెట్టుకుంటాడు, ఆమె మాట వింటాడు. తర్వాత వచ్చే తుపాను, కోర్టు కేసు నవలలోనే చదవాలి.

అమ్మమ్మను జోరా దుర్మార్గురాలిగా చూపించలేదు. అరక్షణం భద్రత ఎరగని మనిషి భద్రతనే సుఖం అనుకుంటుంది. ఆ భద్రత దొరికిన మనవరాలు, ఇంకా ఏదో కావాలంటుంది. ఇద్దరిదీ నిజమే. ఏ దేశంలోనైనా పెళ్లిమాటలు నడిచే ఇళ్లలో తరానికోసారి జరిగే గొడవే అది.

కానీ ఆ నవలకు పెద్ద దెబ్బ సొంతవారి నుంచే తగిలింది. రిచర్డ్ రైట్ అప్పుడే పైకొస్తున్న నల్లజాతి రచయిత. ఇందులో చెప్పదగ్గ విషయమే లేదని, తెల్లవాళ్లను నవ్వించే పాత వేషాలే మళ్లీ వేశారని సమీక్ష రాశాడు. ఆయన కోపానికి కారణం లేకపోలేదు. అది ఆర్థిక మాంద్యం కాలం. దక్షిణాదిలో నల్లవాళ్లను చెట్లకు ఉరితీస్తున్న కాలం. ప్రతి అక్షరమూ ఆయుధం కావాలని రైట్ కోరిక. ఆ లెక్కన భార్యను వసారాలో మాట్లాడనివ్వని భర్త గురించి రాయడం చిన్న విషయం. పైగా ఇంటిగుట్టు తెల్లవాళ్ల ముందు పెట్టడం.

నల్లజాతి రచయిత్రి ఎప్పుడూ నలిగింది ఈ రెండిటి మధ్యే. తెల్ల ప్రచురణకర్తలకు నల్లవాళ్లంటే వింత మనుషులో, ఓ సమస్యో కావాలి. సామాన్య జీవితం అక్కర్లేదు. 1950లోనే ఓ వ్యాసంలో జోరా ఈ మాట నిలదీసి అడిగింది. మరోపక్క నల్లజాతి మేధావులకు తెల్లవాడి మీద పోరాటం కావాలి. ఇంట్లో ఆడవాళ్ల మీద జరిగేది వద్దు. యాభై ఏళ్లకు ఆలిస్ వాకర్‌కూ ఇదే ఎదురైంది. ఆమె 'ద కలర్ పర్పుల్' నవల 1985లో సినిమాగా వచ్చినప్పుడు, నల్లజాతి మగవాళ్లను చెడ్డగా చూపించారంటూ నిరసనలు జరిగాయి.

రాసింది నువ్వేనా?

ఈ కష్టం జోరాతో మొదలవలేదు. 1761లో ఏడెనిమిదేళ్ల ఆఫ్రికా పిల్లను బోస్టన్ రేవులో వీట్లీ కుటుంబం కొనుక్కుంది. ఎక్కివచ్చిన ఓడ పేరు ఫిలిస్ కాబట్టి పిల్లకూ అదే పేరు. ఫిలిస్ వీట్లీ కొద్ది ఏళ్లలోనే ఇంగ్లీషు, లాటిన్ నేర్చుకుని కవిత్వం రాసింది. బానిస పిల్ల ఇంత రాసిందంటే ఎవరు నమ్ముతారు? గవర్నరుతో సహా 18 మంది ప్రముఖులు సంతకాలు చేసిన ధ్రువపత్రంతో 1773లో లండన్‌లో పుస్తకం వచ్చింది. తర్వాత స్వేచ్ఛ దొరికింది గానీ, 1784లో ముప్పై దాటీదాటకముందే పేదరికంలో చనిపోయింది.

హారియట్ జేకబ్స్‌దీ అదే కథ. యజమాని వేధింపులు తప్పించుకోవడానికి అమ్మమ్మ ఇంటి అటక మీద, సరిగా నిలబడటానికి కూడా వీలులేని చోట, దాదాపు ఏడేళ్లు దాక్కుంది. ఉత్తరాదికి పారిపోయాక 1861లో మారుపేరుతో ఆత్మకథ రాసింది. అది తెల్లజాతి సంపాదకురాలు అల్లిన కల్పన అని పండితులు నూరేళ్లకు పైగా అనుకున్నారు. జీన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు పాత ఉత్తరాలు తవ్వితీసి, అది నిజంగా హారియట్ రాసిన ఆత్మకథేనని 1980ల్లో రుజువు చేసింది.

చితిమంటల్లోంచి

జోరా చివరి రోజుల్లో అన్నీ ఎదురుతిరిగాయి. 1948లో ఓ పిల్లవాడి విషయంలో ఆమె మీద తప్పుడు ఆరోపణ వచ్చింది. ఆ సమయంలో ఆమె అసలు దేశంలోనే లేదు. కేసు కొట్టేశారు. కానీ అప్పటికే నల్లజాతి పత్రికే దాన్ని రచ్చకెక్కించింది. జోరా కుంగిపోయింది. 1955లో మరో వివాదం. బడుల్లో తెలుపు నలుపు వేరుచేయకూడదన్న సుప్రీంకోర్టు తీర్పును ఆమె విమర్శించింది. మా బడులు తక్కువవేమీ కావు, తెల్లపిల్లల పక్కన కూర్చుంటేనే గొప్పా అన్నది ఆమె వాదన. ఈటన్‌విల్‌లో పెరిగిన పిల్లకు సహజంగా తోచిన మాట. కానీ హక్కుల కోసం ప్రాణాలొడ్డుతున్నవారికి వెన్నుపోటులా వినిపించింది. మిగిలిన కొద్దిమంది స్నేహితులూ దూరమయ్యారు.

1945లో ఆమె ప్రముఖ మేధావి డుబోయిస్‌కు ఓ ఉత్తరం రాసింది. పేరున్న నల్లవాళ్ల కోసం ఫ్లోరిడాలో వంద ఎకరాల్లో శ్మశానవాటిక ఏర్పాటుచేద్దామని, ఎంత పేదగా పోయినా ఎవరి సమాధీ గుర్తులేకుండా పోకూడదని అందులో కోరింది. ఆయన ఆసక్తి చూపలేదు. పదిహేనేళ్లకు ఆమె సమాధే గుర్తులేకుండా పోయింది.

ఆమె పోయాక సామాను పెరట్లో పోసి తగలబెడుతుంటే, ప్యాట్రిక్ డువాల్ అనే పోలీసు అధికారి అటుగా వచ్చాడు. ఆయనకు జోరా తెలుసు. పరుగున వెళ్లి నీళ్లుపోసి మంట ఆర్పాడు. అంచులు కాలిన ఆ కాగితాలు ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చేరాయి. అందులో హెరోదు రాజు మీద ఆమె ఏళ్ల తరబడి రాసిన నవల ఉంది. మిగిలినంత మేర అది 2025 జనవరిలో పుస్తకమైంది.

మేనకోడలినని చెప్పి...

1970ల మొదట్లో ఆలిస్ వాకర్ ఇంకా పేరురాని యువ రచయిత్రి. ఓ కథ కోసం నల్లవాళ్ల మంత్రతంత్రాల గురించి వెతుకుతుంటే, దొరికినవన్నీ తెల్ల పండితుల పుస్తకాలే. ఓచోట అడుగున చిన్న అక్షరాల్లో జోరా పేరు కనిపించింది. పుస్తకాలు సంపాదించి చదివాక ఆమెను వదల్లేకపోయింది. 1973 ఆగస్టులో ఫ్లోరిడా వెళ్లింది. జోరా మేనకోడలినని చెప్పుకుంది. అలా అంటేనే నోరువిప్పుతారని అబద్ధమాడింది. ఫోర్ట్ పియర్స్ శ్మశానంలో నడుంలోతు పిచ్చిమొక్కలు, పాముల భయం. వెతికి వెతికి విసిగి 'జోరా!' అని గట్టిగా కేకేసింది. ఇంకో అడుగు వేసేసరికి కాలు పల్లంలోకి దిగింది. మనిషి పొడవున కుంగిన నేల. అదే సమాధి అని నిశ్చయించుకుంది. నచ్చిన నల్లరాయి కొనే స్తోమత లేక, మామూలు బూడిదరంగు రాయి మీద పేరు చెక్కించింది. నవలా రచయిత్రి, జానపద పరిశోధకురాలు, మానవశాస్త్రవేత్త అని కింద రాయించింది.

1975లో 'మిజ్' పత్రికలో వాకర్ రాసిన వ్యాసం దుమారం లేపింది. 1977లో జీవితచరిత్ర వచ్చింది. 1978లో నవల మళ్లీ అచ్చయింది. ఆ తర్వాత దాని ప్రతులు లక్షల్లో అమ్ముడయ్యాయి.

ఆ రోజుల్లోనే మరో స్త్రీ లోపలి నుంచి తలుపులు తెరుస్తోంది. ర్యాండమ్ హౌస్ ప్రచురణ సంస్థలో సంపాదకురాలిగా చేరిన టోనీ మారిసన్, గేల్ జోన్స్, టోనీ కేడ్ బంబారా వంటి నల్లజాతి రచయిత్రుల పుస్తకాలు తెచ్చింది. ఒంటిచేత్తో ఇద్దరు పిల్లలను పెంచుతూ తెల్లవారుజామునే లేచి తన నవలలు రాసుకుంది. 1983లో వాకర్‌కు, 1988లో మారిసన్‌కు పులిట్జర్ బహుమతులు వచ్చాయి. 1993లో మారిసన్‌ను నోబెల్ వరించింది. అయినా ఆమె మొదటి నవల 'ద బ్లూయెస్ట్ ఐ'ను బడుల నుంచి తీసేయాలనే గొడవ ఆగలేదు. గ్రంథాలయాల్లో ఎక్కువ అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాల 2022 జాబితాలో అది మూడోది.

ఈ కథకు హైదరాబాద్‌తో ఓ చిన్న బంధం కూడా ఉంది. 1979లో జోరా రచనల సంకలనాన్ని వాకర్ సంపాదకత్వంలో తెచ్చింది న్యూయార్క్‌లోని 'ఫెమినిస్ట్ ప్రెస్'. హైదరాబాద్‌కు చెందిన సూసీ తారు, కె. లలిత సంపాదకులుగా భారతీయ రచయిత్రుల రచనలు వెతికితెచ్చిన బృహత్ సంకలనం మొదటి సంపుటాన్ని 1991లో అచ్చువేసిందీ ఆ సంస్థే. తంజావూరు ఆస్థానంలో తెలుగులో 'రాధికా సాంత్వనము' రాసిన ముద్దుపళనిని ఆ పుస్తకం ప్రపంచానికి పరిచయం చేసింది. ఆ కావ్యాన్ని అంతకుముందు 1910లో వెతికి అచ్చువేయించింది కూడా ఓ స్త్రీయే... బెంగళూరు నాగరత్నమ్మ. ఆ మరుసటి ఏడాదే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. రాసిన ఆడవాళ్లను మరవడం, మరో ఆడది వెళ్లి వెతికి తేవడం ఒక్క అమెరికాలోనే జరగలేదన్నమాట.

ఫోర్ట్ పియర్స్‌లో ఆ బూడిదరంగు రాయి అలాగే ఉంది. దాని మీద జోరా పుట్టిన ఏడు 1901 అని ఉంటుంది. వాకర్ రాయి పెట్టించేనాటికి అసలు తేదీ ఎవరికీ తెలియదు. 1900 జనాభా లెక్కల కాగితాలు తర్వాత బయటపడ్డాయి. చదువు కోసం బాల్టిమోర్‌లో ఆడిన అబద్ధాన్ని రాయి కూడా నమ్మేసింది.